గిలెస్పీ గారి సంతకం

గిలెస్పీల ఇంటి నుంచి ఒకే రోజు టపాలో రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకే ఊరి ముద్ర, ఒకే రకం కవరు. ఒకదాని మీద రాత ఆవిడది, రెండోదాని మీద రాత ఆయనది. ఒక కప్పు కింద కాపురం చేస్తున్న మొగుడూ పెళ్ళాలు చెరో బిళ్ళ అంటించి చెరో ఉత్తరం పంపడమేమిటని కవర్లు చూడగానే నాకు అనుమానం రావలసింది. రాలేదు. ఆ నెలంతా నా బల్ల మీద ఉత్తరాలే ఉత్తరాలు.

అది 1920 ఫిబ్రవరి, ఆస్ట్రేలియాలో. నేను బల్లారట్‌కి పడమరగా ఉన్న రెన్‌ఫ్రూ స్కూల్లో గుమాస్తాని. దూరాభారపు గొర్రెల ఫారాల నుంచి వచ్చిన మగపిల్లలు అక్కడే ఉండి చదువుకునేవాళ్ళు. వాళ్ళలో ముప్పై నలుగురు యుద్ధంలో పోయారు. పోయిన సైనికులని దేశమంతా తలుచుకునే ఏప్రిల్ ఇరవై ఐదుకల్లా ప్రార్థన మందిరం గోడలో వాళ్ళ పేర్లు చెక్కిన రాయి పెట్టాలనీ, మనిషికి ఒక పేజీ చొప్పున పుస్తకం అచ్చువేయాలనీ మా హెడ్‌మాస్టరు లోరిమర్ గారు నిర్ణయించారు. ఆయన కళ్ళకి పొరలు కమ్మాయి. అందుకని రాత పని నా మీద పడింది. పుట్టిన తేదీ, స్కూల్లో చదివిన ఏళ్ళు, పోయిన చోటు, ఇంకేమైనా చెప్పాలనుకుంటే అదీ రాసి పంపమని ముప్పై నాలుగు ఇళ్ళకీ కాగితాలు పంపాను.

ఒక తండ్రి ఇరవై రెండు పేజీలు రాశాడు. ఒక తల్లి “వాడికి మా కుక్కంటే ఇష్టం” అని ఒక్క ముక్క రాసి ఊరుకుంది. ఒకావిడ కొడుకు జుట్టు కొంచెం కాగితంలో మడిచి పెట్టి, చూసి తిరిగి పంపమంది. నేను దాన్ని ఆ పూటే రిజిస్టర్ టపాలో పంపేశాను. నా దగ్గర ఉంచుకోవడానికి భయం వేసింది.

ఎఫీ గిలెస్పీ ఉత్తరం ఇలా ఉంది:

“ఎవన్ జాన్ గిలెస్పీ. పుట్టింది 1899 మార్చి మూడు. తేదీ సరిగ్గా అచ్చువేయండి. సైన్యంలో చేరిననాటికి వాడికి పదహారేళ్ళు. అది అందరికీ తెలియాలి. దాని కింద ఈ వాక్యం వేయండి: తండ్రి రాతమూలకంగా ఇచ్చిన అనుమతితో చేరాడు. ఒక్క అక్షరం కూడా మార్చవద్దు.”

రెండోది విప్పాను.

“పుస్తకంలో వాళ్ళమ్మ ఏం వేయమంటే అది వేయండి. నాకు అభ్యంతరం లేదు. మర్డో గిలెస్పీ.”

సంతకంలో మొదటి అక్షరం మూడుకాళ్ళ పీటలా నిలబడి ఉంది. చివరి అక్షరం తోక వెనక్కి తిరిగి పేరంతటి కిందా గీతలా సాగింది. ఆ సంతకం నాకు బాగా తెలుసు. నాలుగున్నరేళ్ళ కిందట దాన్ని నేను పెట్టాను.

1915 జూలైలో శీతాకాలపు సెలవులకి ముందు వారం ఎవన్ ఆఫీసు గదిలోకి వచ్చి తలుపు మూశాడు. ఆరడుగుల ఎత్తు, గొంతు అప్పుడప్పుడే బొంగురుపోయింది, చేతులు చొక్కా చేతుల్లోంచి జానెడు బయటికి వచ్చేశాయి. అంతకు ముందు ఏడాదే స్కూలు వదిలిన మా తమ్ముడు క్లెమ్, ఇంకో ఇద్దరు పెద్దవాళ్ళు, వీడు, ఒకే డార్మిటరీలో పడుకునేవాళ్ళు. ఆ ముగ్గురూ అప్పటికే సైన్యంలో ఉన్నారు.

“ఐడక్కా, నువ్వొక ఉత్తరం రాసిపెట్టాలి,” అన్నాడు. “పద్దెనిమిది నిండాయని నేను చెప్పుకుంటాను. ఇరవై ఒకటి లోపు వాళ్ళకి ఇంటినుంచి అనుమతి కావాలట. మా నాన్న రాసినట్టు నాలుగు ముక్కలు. అంతే.”

“మీ నాన్ననే రాయమను.”

“రాయడు. మా అమ్మయితే నన్ను కొట్లో పెట్టి తాళం వేస్తుంది.”

“మరి నన్నెందుకు అడుగుతున్నావురా?”

“ఫైల్లో మా నాన్న ఉత్తరాలన్నీ నీ దగ్గరే కదా ఉన్నాయి. నీ చేతిరాత ఎలా అంటే అలా తిరుగుతుంది. క్లెమ్ చెప్పాడు. చచ్చినా ఎవరికీ చెప్పను, ఒట్టు.”

నేను చెయ్యనని అన్నానని చెప్పుకోవాలని ఉంటుంది. అనలేదు. ఆ శీతాకాలం నేను సైనికుల కోసం పదకొండు జతల మేజోళ్ళు అల్లాను. రోడ్డు మీద యూనిఫారం లేకుండా మామూలు బట్టల్లో కుర్రాడెవరైనా ఎదురైతే ముఖం పక్కకి తిప్పుకునేదాన్ని. అది దేశం మీద ప్రేమ అనుకునేదాన్ని. ఫైలు తీసి, గిలెస్పీ గారి పాత ఉత్తరమొకటి ముందు పెట్టుకుని, పది నిమిషాల్లో రాసేశాను. సంతకం బాగా కుదిరిందని లోపల్లోపల మురిసిపోయాను కూడా. ఎవన్ నన్ను ఎత్తి గిర్రున తిప్పి దించి వెళ్ళిపోయాడు. సెలవుల్లో స్నేహితుడింట్లో ఉంటానని ఇంటికి ఉత్తరం రాశాడు. వాడెక్కడున్నాడో వాళ్ళకి తెలిసేసరికి ఓడ బయల్దేరిపోయింది.

ఏడాది తిరిగింది. 1916 జూలైలో ఫ్రాన్సులో పోజియేర్ దగ్గర పోయాడు. పదిహేడేళ్ళు. ఇచ్చిన మాట తప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

*

క్లెమ్ 1918లో ఊపిరితిత్తుల్లో విషవాయువుతో ఇంటికొచ్చాడు. స్కూలు వెనక ఉన్న చిన్న ఇంట్లో మేమిద్దరమే. ఆ ఇల్లు నా ఉద్యోగంతో పాటు వచ్చింది. వాడు పొద్దున్నే వరండాలో కూర్చుని బఠాణీలు ఒలవడమో, దగ్గడమో, నన్ను ఏడిపించడమో చేస్తుండేవాడు. ఈ పుస్తకం పనికి వాడే నాకు దిక్కు. వచ్చిన ఉత్తరాలు వాడికి చదివి వినిపించేదాన్ని.

“‘మా హ్యూ చిన్నప్పటి నుంచీ నెమ్మదస్తుడు, దైవభక్తి గలవాడు,’” అని చదివితే క్లెమ్ పడీ పడీ నవ్వాడు.

“హ్యూ ట్రెలోరా? వాడు ప్రార్థన మందిరం గంట నాలుకకి గొర్రె ఉన్ని చుట్టేశాడక్కా. ఒక ఆదివారమంతా గంట మోగలేదు. లోరిమర్ సార్ గంటని చూస్తూ నిలబడ్డ తీరు నువ్వు చూడాల్సింది.”

“అది రాయమంటావా?”

“రాయి. నెమ్మదస్తుడు అని రాస్తే అది హ్యూ అని ఎవరికి తెలుస్తుంది?”

రాశాను. గంట సంగతి చదివి వాళ్ళమ్మ ఏమంటుందోనని భయపడుతూనే అచ్చుకి ముందు ఆవిడకి పంపాను. “ఇది మావాడే. అలాగే ఉంచండి,” అని జవాబిచ్చింది. ఆ తర్వాత ధైర్యం వచ్చింది. బర్టీ స్నెల్ నిద్రలో నడిచి వంటమనిషి మంచం మీద పడుకున్న సంగతి, పాఠాలు తప్పించుకోవడానికి జ్వరం తెచ్చుకుందామని సుద్దముక్కలు మింగిన ఫెంటన్ సంగతి, ఇంటి మీద బెంగతో మొదటి ఏడాది మూడుసార్లు పారిపోయి, నాలుగో ఏడాదికి కొత్తగా వచ్చి ఏడ్చే పిల్లల పక్కన కూర్చుని వాళ్ళకి ముడులు వేయడం నేర్పిన ఓస్కర్ లిండ్ సంగతి. ఒక్కొక్కడూ పేజీలోకి వచ్చి కూర్చుంటున్నాడు. ముప్పై మూడు అయ్యాయి.

“ఎవన్‌ది ఏది?” అన్నాడు క్లెమ్ ఒక పొద్దున.

“రాయాలి.”

“పదిరోజుల నుంచి రాయాలి అంటున్నావు. సైన్యంలో నేను వాడి పక్కనే ఉన్నాను కదా. అడుగు, చెప్తాను.”

నేను ఆ రెండు ఉత్తరాలూ వాడి చేతిలో పెట్టాను. చదివాడు. ఆవిడ రాసిన వాక్యం రెండుసార్లు చదివాడు.

“వాళ్ళ నాన్న రాసిచ్చాడా? ఎవన్ ఎప్పుడూ అలా అనలేదే. ఎలా చేరావురా అంటే నవ్వి ఊరుకునేవాడు.”

“నేను రాసిచ్చాను.”

క్లెమ్ చేతిలో బఠాణీ గింజ అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత దగ్గు వచ్చింది. దగ్గు తగ్గేదాకా నేను నిలబడ్డాను.

“నువ్వు రాయకపోతే వాడు ఇంకో ఊరు పోయి ఇంకెవరి చేతో రాయించుకునేవాడు,” అన్నాడు చివరికి.

“ఆ మాట చెప్పి నన్ను ఓదార్చకు.”

“ఓదార్చడం లేదు. అది నిజం. కానీ వాళ్ళమ్మ దగ్గర మాత్రం ఆ మాట అనకు. ఆవిడ దగ్గర నువ్వు ఏ సాకూ చెప్పకు.”

వెళ్ళాలా అని నేను వాడిని అడగలేదు. వెళ్ళమని వాడూ అనలేదు. ఇద్దరం అది అయిపోయిన సంగతిలాగే మాట్లాడుకున్నాం.

మధ్యాహ్నం లోరిమర్ గారు పిలిచారు. “గిలెస్పీ పేజీ ఒక్కటే ఆగిందని అచ్చాఫీసు వాళ్ళు గోల పెడుతున్నారు. ఏమిటమ్మాయీ ఆలస్యం?”

“ఆవిడ వేయమన్న వాక్యం...”

“చదివి వినిపించావు కదా. తండ్రే అభ్యంతరం లేదంటుంటే మనకేం? వాళ్ళింటి గొడవలు మనకెందుకు? వేసేయ్.”

“అది నిజం కాకపోతే, సార్?”

ఆయన పొరలు కమ్మిన కళ్ళతో నా గొంతు వచ్చిన వైపు చూశారు. “అది నీకెలా తెలుసు?”

“శనివారం వెళ్ళి కనుక్కుని వచ్చి చెప్తాను,” అన్నాను.

*

మార్చి ఆరో తేదీ శనివారం. రైలు దిగి, టపా బండిలో ఐదు మైళ్ళు వెళ్ళాను. కోత అయిపోయిన గోధుమ చేలలో మోళ్ళు తగలబెడుతున్నారు. నోట్లో పొగ రుచి. నీలగిరి చెట్ల మీద తెల్ల కాకతువ్వలు ఒకటే అరుపు. గిలెస్పీల వాకిట్లో దిగి తలుపు తట్టాను.

ఎఫీ గిలెస్పీ పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. చేతులకి పిండి అంటుకుని ఉంది.

“స్కూలు నుంచా? ఫొటో కోసమయితే ఉత్తరం రాస్తే నేనే పంపేదాన్ని కదా, ఇంత ఎండలో ఎందుకొచ్చావమ్మాయ్? రా, కూర్చో. టీ పెడతాను.”

వంటింటి బల్లకి ఒక పక్క ఒకే కుర్చీ. కుంపటి పక్కన అరుగు మీద ఒక పళ్ళెంలో చల్లారిన మాంసం ముక్కలు, రొట్టె, పైన గుడ్డ కప్పి ఉంది.

“ఆయన భోజనం,” అంది నేను చూడటం చూసి. “నేను తిని లేచాక వచ్చి తీసుకుపోతాడు. ఉన్ని కత్తిరించేవాళ్ళ షెడ్లో ఉంటాడు. నాలుగేళ్ళు దాటింది. ఊరందరికీ తెలుసు, నీ దగ్గర దాచేదేముంది. నేనే చెప్పాను అందరికీ. చర్చి మెట్ల మీద నిలబడి చెప్పాను.”

“ఆయనేమంటారు?”

“మొదట్లో నేను పెట్టలేదు పెట్టలేదు అని మొత్తుకున్నాడు. నేను సైన్యం వాళ్ళకి రాస్తే, తండ్రి సంతకంతో అనుమతి పత్రం మా దగ్గర భద్రంగా ఉంది అని జవాబొచ్చింది. ఆ కాగితం ముఖాన కొట్టాను. అప్పుడూ కాదన్నాడు. బాబు పోయాడని తంతి వచ్చాక మాత్రం ఇంక కాదనలేదు. నోరు మూసుకున్నాడు. తప్పు చేసినవాడు కాబట్టే కదా?” కప్పు నా ముందు పెట్టింది. “పంచదార?”

“వద్దమ్మా.” నేను కప్పు ముట్టుకోలేదు. “ఆ అనుమతి ఉత్తరం ఆయన రాయలేదు. నేను రాశాను.”

“నువ్వేం రాశావు?”

“ఎవన్ వచ్చి అడిగాడు. మీ ఆయన పాత ఉత్తరాలు ఆఫీసులో ఉన్నాయి. చూసి రాశాను. సంతకం కూడా నేనే పెట్టాను. మీ ఆయనకి ఏమీ తెలియదు.”

ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. “ఎవరు పంపారు నిన్ను? ఆయన పంపాడా? స్కూలుకి ఉత్తరం రాశాడు, నాకు తెలుసు. టపా బండివాడు చెప్పాడు. ఇలా చెప్పమని రాశాడా?”

నా సంచిలో పెన్సిలుంది. బల్ల మీద పిండి సంచి మీది కాగితం ఉంది. దాని మీద రాశాను. మూడుకాళ్ళ పీటలాంటి మొదటి అక్షరం. వెనక్కి తిరిగిన తోక. నాలుగున్నరేళ్ళయినా చెయ్యి మరిచిపోలేదు. మర్డో గిలెస్పీ.

ఆవిడ కాగితం తీసి కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళింది. వెలుగులో పట్టుకుని చూసింది. నేను సాకు చెప్పలేదు. క్లెమ్ చెప్పిన మాట గుర్తు పెట్టుకుని నోరు బిగపట్టుకున్నాను.

“ఎంతసేపు పట్టింది నీకు?” అంది, ఇటు తిరక్కుండా.

“పది నిమిషాలు.”

“పది నిమిషాలు,” అంది. వచ్చి నా ఎదురుగా నిలబడింది. చెయ్యెత్తింది. కొడుతుందనుకున్నాను, కొట్టాలనీ అనుకున్నాను. ఆ చెయ్యి దించి బల్ల అంచు పట్టుకుంది. ఆవిడ ముఖంలో కోపం ఉంది. కానీ కోపం కింద ఇంకేదో కదులుతోంది, నేను ఎదురుచూడనిది.

“అయితే ఆయన పెట్టలేదు,” అంది.

“పెట్టలేదు.”

“ఆయన పెట్టలేదు.” ఈసారి నాతో కాదు.

వాకిలి దాటి వెళ్ళిపోయింది. నేను కిటికీలోంచి చూశాను. పిండి చేతులతోనే పెరడు దాటి, గొర్రెల దొడ్డి పక్కనున్న షెడ్డు ముందు ఆగింది. “మర్డో!” అని పిలిచింది. లోపలి నుంచి ఎవరూ రాలేదు. మళ్ళీ పిలిచింది. పొడుగ్గా, వంగిపోయిన ఒక మనిషి తలుపులో నిలబడి, పిలుపు తనకేనా అన్నట్టు వెనక్కి తిరిగి చూసుకున్నాడు. వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు వినిపించలేదు. ఆవిడే మాట్లాడింది. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

తర్వాత ఇద్దరూ వంటింట్లోకి వచ్చారు. ఆయన కూర్చోవడానికి కుర్చీ లేదు. నేను లేచాను. “కూర్చో అమ్మా, కూర్చో,” అని ఆయనే గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కాగితం మీద నా సంతకం చూశాడు.

“నాకన్నా నువ్వే బాగా పెట్టావు,” అన్నాడు.

నేను ఏడ్చాను. అక్కడ ఏడ్చే హక్కు నాకు లేదని తెలుసు. అయినా ఆగలేదు. ఆయన అడిగాడు:

“వాడి చెయ్యి పడలేదా ఆ ఉత్తరం మీద? ఒక్క అక్షరమైనా?”

“లేదండీ. అడిగింది వాడు. రాసింది మొత్తం నేనే.”

ఆయన మెల్లగా ఊపిరి వదిలాడు. ఎఫీ ఆయన వైపు తిరిగింది. “ఏమిటి మర్డో? ఎవరు పెట్టారనుకున్నావు నువ్వు?”

ఆయన టోపీ అంచు తడుముకుంటున్నాడు.

“చెప్పు. ఎవరనుకున్నావు?”

“వాడే పెట్టాడనుకున్నాను,” అన్నాడు. “బతికుంటే వాడే నీకు చెప్పుకునేవాడు, నువ్వు నాలుగు తిట్టేదానివి, అయిపోయేది. పోయాక నేనెలా చెప్పనూ? నీ కొడుకు తండ్రి పేరున దొంగసంతకం చేశాడు అని నీతో అనమంటావా? నీకు మిగిలిందల్లా వాడి మంచి పేరే. నా మీద కోపం పెట్టుకుంటే పెట్టుకోనీ అనుకున్నాను.”

ఎఫీ అరుగు దగ్గరికి వెళ్ళి పళ్ళెం మీది గుడ్డ తీసి, ఆ చల్లని మాంసం కుంపటి మీద పెనంలో వేసి వేడి చేయడం మొదలుపెట్టింది. వీపు మా వైపు ఉంది. భుజాలు కదులుతున్నాయి. ఆయన వెళ్ళి పక్కగదిలోంచి కుర్చీ ఒకటి తెచ్చుకున్నాడు. దాని మీద దుమ్ము ఉంది. చేత్తో తుడిచి బల్ల దగ్గర వేసుకుని కూర్చున్నాడు.

టపా బండి వచ్చే వేళకి ఎఫీ నన్ను గేటుదాకా దిగబెట్టింది.

“నిన్ను క్షమించాననుకోకు,” అంది.

“అనుకోనమ్మా.”

“నా కొడుకుని నాకు కాకుండా చేశావు. నా మొగుణ్ణి కూడా కాకుండా చేశావు. ఒకణ్ణి తెచ్చిచ్చావు.” గేటు తీసి పట్టుకుంది. “నువ్వు రాకుండా ఉండి ఉంటే నేనీ మాట తెలియకుండానే చచ్చేదాన్ని. అది కూడా నాకు తెలుసు. ఎక్కు, బండి పోతుంది.”

రైల్లో నేను కూర్చున్న చోటే నిద్రపోయాను. నాలుగేళ్ళలో అంత నిద్ర ఎప్పుడూ పట్టలేదు. గార్డు లేపితే గానీ మెలకువ రాలేదు.

*

సోమవారం లోరిమర్ గారికి అంతా చెప్పాను. రాజీనామా కాగితం కూడా రాసి తీసుకెళ్ళాను. ఆయన దాన్ని చదవలేరు కాబట్టి నేనే చదివి వినిపించాను. ఆయన గడ్డం రాసుకున్నారు.

“1915లో ప్రార్థన మందిరంలో నేను ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చానో నీకు గుర్తుందా?” అన్నారు.

“ఉందండీ.”

“ఆ పిల్లవాడు మొదటి వరసలో కూర్చునేవాడు. పొడుగని వెనక కూర్చోమంటే వినేవాడు కాదు.” కాగితం కోసం చెయ్యి చాపారు. “ఈ టెర్ము చివరిదాకా ఉండు. పుస్తకం పూర్తి చెయ్యి. ఆ తర్వాత నిన్నుంచుకోవడం నాకు కుదరదు. ఇంకో ఉద్యోగానికి మంచిమాట రాసిస్తాను. చదివి చూసుకోలేను గనక నువ్వే రాసుకుంటావేమో, వద్దు, ఇంకెవరి చేతైనా రాయిస్తాను.”

అది వేళాకోళమని నాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. ఆ ముసలాయన నోట వేళాకోళం వినడం అదే మొదలు.

ఎవన్ పేజీ ఆ వారమే రాశాను. నా పేరు వేయాలని నేను పట్టుబట్టాను. గిలెస్పీ గారు రెండు వాక్యాల ఉత్తరం రాశారు: “అది పిల్లల పుస్తకం. మీ పేరు ఎందుకు?” కింద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. ఒకే కవరు. చివరికి అచ్చయింది ఇది: “పదహారేళ్ళ వయసులో తల్లిదండ్రులకు తెలియకుండా చేరాడు. వాళ్ళు పంపలేదు.” మిగిలిన పేజీ అంతా క్లెమ్ చెప్పినదే.

ఏప్రిల్ ఇరవై ఐదు ఆదివారం పడింది. పొద్దున మంచు, తర్వాత పల్చటి ఎండ. ముప్పై నాలుగు ఇళ్ళ వాళ్ళలో ఇరవై తొమ్మిది ఇళ్ళ వాళ్ళు వచ్చారు. రాయి మీద తెర తీశారు, పేర్లు చదివారు. ఆ తర్వాత భోజనాల హాల్లో టీ. మా చిన్న ఇంట్లో పెట్టెలు సగం సర్ది ఉన్నాయి. ఊళ్ళో విత్తనాల కొట్టువాళ్ళు నన్ను మే నెల నుంచి రమ్మన్నారు, పైన రెండు గదులు కూడా ఇస్తామన్నారు. నేను టీ పోస్తున్నాను.

క్లెమ్‌ని మధ్యలో కూర్చోబెట్టి గిలెస్పీ దంపతులు చెరో పక్కా కూర్చున్నారు. వాడు చెప్తున్నాడు: “మీ ఉత్తరాలు పైకి చదివేవాడండీ. మీ నల్లకోడి కథ మా ప్లటూన్ మొత్తానికి తెలుసు. అది నక్కని తరిమిందన్న ఉత్తరం వాడి చేత మూడుసార్లు చదివించారు. మా సార్జెంటు, ఈ కోడిని కూడా సైన్యంలో చేర్చుకుందాం, వయసెంత, అని అడిగాడు.”

ఎఫీ నవ్వింది. నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. “అది నక్కని తరమలేదు బాబూ. నక్కే దాన్ని తరిమింది. వాడు బెంగపడతాడని అలా రాశాను.”

“తెలుసండీ. ఎవన్‌కీ తెలుసు. ఆ కోడి నక్కని తరిమే రకం కాదురా అనేవాడు.”

వాళ్ళ ఊరివాళ్ళు నలుగురు ఆడవాళ్ళు పక్క బల్ల దగ్గర పుస్తకం తిరగేస్తున్నారు. ఎఫీ లేచి వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. హాలంతా వినపడేంత గొంతుతో అంది: “ఆ పేజీ చదివారా? మా ఆయన సంతకం పెట్టలేదు. నేను మీ అందరికీ అబద్ధం చెప్పాను. నాకు తెలియక చెప్పాను గానీ, చెప్పాను.”

“ఎఫీ, చాలు, వచ్చి కూర్చో,” అన్నాడు మర్డో. చెవులు ఎర్రబడ్డాయి.

“చాలదు. నాలుగేళ్ళు అది చెప్పాను. ఇంకో నాలుగేళ్ళు ఇది చెప్తాను. మీసన్ వాళ్ళావిడ ఏదీ? ఆవిడకి ఇంకా చెప్పలేదు.”

సంతకం ఎవరిదని ఆ ఆడవాళ్ళు అడుగుతారనుకుని కెటిల్ బల్ల మీద పెట్టేశాను. ఒకావిడ అడిగింది కూడా. ఎఫీ నా వైపు ఒక్కసారి చూసింది. “ఎవరు పెట్టారో ఆ మనిషి మా వంటింట్లోకి వచ్చి చెప్పింది. మీలో ఎవరైనా చేస్తారేమో నాకు తెలియదు,” అంది. మళ్ళీ ఎవరూ అడగలేదు.

సాయంత్రం రైలుకి జనమంతా స్టేషను దారి పట్టారు. క్లెమ్, నేను సాగనంపడానికి వెళ్ళాం. గిలెస్పీలు మా ముందు పది అడుగుల దూరంలో నడుస్తున్నారు.

“దొడ్డి గేటు గడియ పెట్టావా పొద్దున?” అంది ఎఫీ.

“పెట్టాను.”

“నేను చూడలేదు.”

“నువ్వు బండెక్కి కూర్చుని టోపీ సర్దుకుంటుంటే పెట్టాను.”

“కిందటి వారం కూడా అలాగే అన్నావు. పొట్టేళ్ళు నా క్యాబేజీ మడిలో తేలాయి.”

“అది గడియ తప్పు. నా తప్పు కాదు.”

“గడియ బాగు చేయించమని చెప్పి ఎన్నాళ్ళయింది?”

“నాలుగేళ్ళుగా నువ్వు నాతో మాట్లాడితే కదా చెప్పడానికి?”

“అయితే ఇప్పుడు చెప్తున్నాను. బాగు చేయించు.”

అలా స్టేషనుదాకా ఆ గడియ గురించే పోట్లాడుకుంటూ వెళ్ళారు. రైలెక్కాక కూడా కిటికీలోంచి ఆవిడ చెయ్యి ఆడిస్తూ ఏదో అంటూనే ఉంది, ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. రైలు మలుపు తిరిగేదాకా క్లెమ్, నేను ప్లాట్‌ఫారం మీద నిలబడి చూశాం.

“పెట్టాడంటావా గడియ?” అన్నాడు క్లెమ్.

“పెట్టి ఉండడు,” అన్నాను.